రెండంకెల గుణకారానికి ఆటల పెట్టె: ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలెట్టానంటే

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి బోర్డు మీద 47×36 అని రాయగానే సగం మందికి పెన్సిల్ చెక్కుకోవాల్సిన పని గుర్తొస్తుంది, మిగతా సగానికి దాహం వేస్తుంది. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా అంతే. వాళ్లని అనడానికేం లేదు, ఆ ఒక్క లెక్కలో నాలుగు చిన్న గుణకారాలు, మధ్యలో క్యారీలు, రెండో వరసలో సున్నా, ఆఖర్న కూడిక, ఇంత పని ఉంది, ఇంతా చేస్తే వచ్చేది 1692. ఆ 1692తో పిల్లాడికి ఏం పని? టీచర్ టిక్ పెడతారు, కింద ఇంకో లెక్క ఉంటుంది, అయిపోయింది.

ఈ పెట్టె వెనకాల నా ఆలోచనంతా దీని చుట్టూనే తిరుగుతోంది: వచ్చిన జవాబు పిల్లలకి ఎందుకో ఒకందుకు కావాలి. లెక్కల ఆటలు అని దొరికేవాటిలో చాలావరకు ఎలా ఉంటాయంటే, లెక్క చేస్తే ఒక గడి ముందుకి, తప్పైతే వెనక్కి. అక్కడ లెక్క అనేది దారిలో కట్టే టోల్ లాంటిది, కట్టేసి ముందుకెళ్లడమే, ఆట వేరే చోట ఉంది. గుణకారం తీసేసి అదే గడిలో స్పెల్లింగ్ అడిగినా ఆట మారదు. నేను చేసేవాటికి ఒకటే షరతు పెట్టుకున్నా, గుణకారం తీసేస్తే ఆటే మిగలకూడదు. ఇది దృష్టిలో పెట్టుకుని చూస్తే మొదట రాసుకున్న ఐడియాల్లో చాలావాటిని కొట్టెయ్యాల్సొచ్చింది (నిధి మ్యాప్, కార్ల రేసు, రంగులు నింపే బొమ్మలు).

ముందు నోట్‌బుక్కులు చూశా

ఆటల జోలికి పోయే ముందు పిల్లల పాత నోట్‌బుక్కులు ముందేసుకుని తప్పులన్నీ విడదీశా. ఎక్కం రాక తప్పు చేసినవి నేననుకున్నదానికంటే బాగా తక్కువ. ఎక్కువ తప్పులు ఎక్కడంటే, రెండో వరసలో సున్నా పెట్టడం మర్చిపోవడం, మొదటి వరస క్యారీలు పైనే ఉండిపోయి రెండో వరసలో మళ్లీ కలిసిపోవడం, మధ్యలో సున్నా ఉన్న సంఖ్యలు (304, 507 లాంటివి), ఇంకా ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడక అంకెలు జారిపోవడం.

చివరిదానికి మందు చాలా ఈజీ. మామూలు గీతల పుస్తకాన్ని అడ్డంగా తిప్పితే గీతలు నిలువు వరసలైపోతాయి, ఒక్కో వరసలో ఒక్కో అంకె. గడుల పుస్తకం ఉంటే ఇంకా మంచిది. క్యారీలకి కూడా ఒక పద్ధతి పెట్టా, మొదటి వరస అవగానే పైన వేసిన క్యారీలు కొట్టేసి అప్పుడే రెండో వరస మొదలెట్టాలి.

ఇంకో నిర్ణయం కూడా ఇక్కడే తీసుకున్నా, ఆట ఆడేటప్పుడు ఎక్కాల పట్టిక పక్కనే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. దీనికి కొంతమంది ఒప్పుకోరు, చూసి చేస్తే ఎక్కాలు ఎప్పుడొస్తాయి అంటారు. కానీ ఎక్కం గుర్తు తెచ్చుకోవడం, గుణకారం మెట్లు గుర్తు పెట్టుకోవడం రెండూ ఒకేసారి మొయ్యమంటే రెండూ పడిపోతాయి. ఎక్కాలకి వేరే టైమ్ ఉంది, ఇది మెట్ల టైమ్.

గ్రాఫ్ పేపర్ మీద 47×36

పెట్టెలో మొదట పడింది మిల్లీమీటర్ గ్రాఫ్ పేపర్. 47 మి.మీ. పొడవు, 36 మి.మీ. వెడల్పుతో ఒక దీర్ఘచతురస్రం గీయమన్నా. అరచేతిలో పట్టేంత చిన్న బొమ్మ. దీన్లో ఎన్ని బుల్లి గడులుంటాయి అంటే వంద అన్నారు, రెండొందలు అన్నారు. గ్రాఫ్ పేపర్‌లో పదేసి మి.మీ.కి ఒక లావు గీత ఉంటుంది కదా, ఆ గీతల్లో ఆఖరివాటి వెంబడే రంగు పెన్సిల్‌తో విడగొట్టమంటే నాలుగు ముక్కలొస్తాయి. పెద్ద ముక్క 40×30, అందులో వంద గడుల బ్లాకులు నిండుగా పన్నెండు, అంటే 1200. పక్కనున్న సన్న ముక్క 7×30, 210. కింద 40×6, 240. మూలన మిగిలిన చిన్నది 7×6, 42. అన్నీ కలిపితే 1692.

రెండో వరసలో సున్నా ఎందుకు పెట్టాలో నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఇక్కడ కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే 47ని గుణించేది 3తో కాదు, 30తో. ఒక పాప పెద్ద ముక్కని వేలితో చూపిస్తూ "టీచర్, సున్నా పెట్టకపోతే ఇదంతా పోతుంది" అంది, నిజంగానే 47×30కి రావాల్సిన 1410 (1200+210) కాస్తా 141 అయిపోతే బొమ్మలో చాలా భాగం గల్లంతే. ఇది ఆట కాదు, కానీ ఇది లేకుండా మిగతా ఆటలు ఆడిస్తే పిల్లలు ఏం చేస్తున్నారో తెలియకుండానే అంకెలు కదుపుతుంటారు, అందుకే దీన్ని పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టా.

నాలుగు పాచికలు, ఒక టార్గెట్

మొత్తం పెట్టెలో నాకు బాగా నచ్చింది ఇదే. నాలుగు పాచికలు వెయ్యాలి, వచ్చిన నాలుగు అంకెలతో రెండంకెల సంఖ్యలు రెండు చేసుకోవాలి, వాటి లబ్ధం టార్గెట్‌కి ఎవరిది దగ్గరగా వస్తే వాళ్లది రౌండు. రూల్ అంతే, అర నిమిషంలో చెప్పేయొచ్చు.

ఒక రౌండు వివరంగా రాసిపెడతా. టార్గెట్ 2000, పడిన అంకెలు 2, 3, 5, 6. ఒక బాబు 36×52 చేసి 1872 తెచ్చాడు. పక్కవాడు 35×62 చేశాడు, 2170. "నీది దాటిపోయింది, చెల్లదు" అని వీడు, "దాటితే ఏంటి, దూరం చూడాలి" అని వాడు. దాటొచ్చా కూడదా అన్నది నేను రూల్స్‌లో రాయలేదు, వాళ్లనే తేల్చుకోమన్నా. దూరమే చూడాలని తేల్చారు, 1872కి దూరం 128, 2170కి 170, కాబట్టి మొదటివాడే గెలిచాడు. అంతలో మూడో పిల్ల తాపీగా 32×65 పెట్టి 2080 తెచ్చింది, దూరం 80.

అక్కడితో ఆగలేదు. ఇంతకంటే దగ్గరిది ఉందా అన్న ప్రశ్న వచ్చింది, అది నేను అడిగింది కాదు. అన్నీ చేసి చూద్దాం అని పంచుకున్నారు. అన్నీ అంటే ఎన్ని? పదుల స్థానాల్లోకి ఏ రెండు అంకెలు వెళ్లాలో ముందు తేల్చుకుంటే ఆరు జతలు, ఒక్కో జతకి మిగిలిన రెండు అంకెల్ని రెండు రకాలుగా పెట్టొచ్చు, కాబట్టి నాలుగూ వేరు వేరు అంకెలైతే మొత్తం పన్నెండు. పన్నెండు గుణకారాలు చేశారు! అదే పన్నెండు లెక్కలు హోంవర్కుగా ఇస్తే ఎన్ని మొహాలు మాడిపోయేవో. 2080 కంటే దగ్గరిది లేదని తేలింది, ఆ పాపకి చప్పట్లు.

కొన్ని రౌండ్లయ్యాక ఇంకో మార్పు కనిపించింది, నాకు అన్నిటికంటే విలువైంది ఇదే. అన్నీ చెయ్యక్కర్లేదని పిల్లలకి అర్థమైంది. పదుల్లో 5, 6 పెడితే 3000 అక్కడే అయిపోయింది, వద్దు. 2, 6 పెడితే 1200 దగ్గర మొదలవుతుంది, ఒకట్లు ఎంత లాగినా 2000 దాకా రాదు. 3, 6 పెడితే 1800 నుంచి మొదలు, అక్కడ వెతుకు. అంచనా వెయ్యడం అనే పాఠాన్ని ఎవరూ చెప్పకుండా వాళ్లే కనిపెట్టుకున్నారు, ఎందుకంటే ఇక్కడ అంచనా వేస్తే పని తగ్గుతుంది.

టార్గెట్ గురించి ఒక నోటు: మామూలు పాచికలతో రాగలిగే చిన్న లబ్ధం 11×11=121, పెద్దది 66×66=4356. 4000 లాంటి టార్గెట్ పెడితే చాలా రౌండ్లలో ఎవరూ దాని దరిదాపులకి కూడా రారు, ఆట చప్పబడిపోతుంది. 1000 నుంచి 2500 దాకా పెడితే పోటీ బాగుంటుంది.

దీన్లోనే రెండో రకం కూడా ఉంది, పాచిక ఒక్కొక్కటే వెయ్యాలి, పడిన అంకెని వెంటనే నాలుగు గడుల్లో ఏదో ఒకదాంట్లో రాసెయ్యాలి, తర్వాత చెరపకూడదు. ఇందులో అదృష్టం పాలు ఎక్కువ, కాబట్టి నెమ్మదిగా చేసే పిల్లలు కూడా గెలుస్తారు. అందరూ కలిసి ఆడేటప్పుడు ఇదే ఆడిస్తున్నా. స్టాప్‌వాచ్ మాత్రం ఎక్కడా పెట్టట్లేదు, టైమ్ పెడితే చకచకా చేసేవాళ్లే ఆడతారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు.

దొంగని పట్టు కార్డులు

నోట్‌బుక్కుల్లో దొరికిన తప్పులు వృథా పోకూడదని వాటితోనే కార్డులు చేశా. ఒక్కో కార్డు మీద పూర్తిగా చేసేసిన లెక్క ఉంటుంది, జవాబు తప్పు, ఎక్కడ తప్పిందో పట్టుకోవాలి. జవాబు తప్పు అంటే చాలదు, ఏ మెట్టు దగ్గర ఏం జరిగిందో చెప్పాలి, అప్పుడే కార్డు వాళ్లది.

304×26తో మూడు కార్డులున్నాయి. అసలు జవాబు 7904. మొదటి కార్డులో 7884 ఉంది, 6×4=24లో 2 క్యారీ వేసి, తర్వాత 6×0 సున్నాయే కదా అని ఆ 2 కలపకుండా వదిలేస్తే 1824 బదులు 1804 వస్తుంది. రెండోదాంట్లో 8504, అక్కడ క్యారీ 2ని ముందే సున్నాకి కలిపి, ఆ 2ని 6తో గుణించారు, తర్వాత 3 దగ్గర కూడా అదే పని. మూడోది 2432, రెండో వరసలో సున్నా పెట్టలేదు.

వీటికి తోడు రెండు పరీక్షలు నేర్పించా, అవి రెండూ ఎలా కలిసి పనిచేస్తాయో రాయాలి. ఒకటి తొమ్మిది పరీక్ష, అంటే సంఖ్యలోని అంకెలన్నీ ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోవడం. 304కి 7, 26కి 8, 7×8=56, 5+6=11, 1+1=2. జవాబు 7904కి 7+9+0+4=20, అంటే 2. కలిసింది. మొదటి కార్డు 7884కి 27, అంటే 9, దొరికిపోయింది. 8504కి 17, అంటే 8, అదీ దొరికింది. మూడోది 2432కి చూస్తే 11, అంటే 2! దొంగ తప్పించుకున్నాడు.

పిల్లలకి ఇది అన్యాయంలా అనిపించింది, పరీక్ష పాసయ్యాడు కానీ జవాబు తప్పు, ఇదేంటి టీచర్ అని. 6080కీ 608కీ అంకెల మొత్తం ఒకటే, సున్నా పోయినా ఆ పరీక్షకి తెలీదు. స్థానాలు జరిగినా అంకెలు తారుమారైనా అది పట్టుకోలేదు. అప్పుడు రెండో పరీక్ష బయటికి తీశాం, అంచనా. 304 అంటే దాదాపు 300, 26 అంటే దాదాపు 25, లబ్ధం 7500 దగ్గర ఉండాలి, 2432 దాని ఛాయలకి కూడా రాదు. ఇటు చూస్తే 7884 లాంటి చిన్న తేడాని అంచనా పట్టుకోలేదు, దాన్ని తొమ్మిది పరీక్ష పట్టుకుంది. ఒకటి వదిలేసిన దొంగని ఇంకోటి పట్టుకుంటుంది. ఇప్పుడు పిల్లలే సొంతంగా కార్డులు తయారుచేస్తున్నారు, రెండు పరీక్షలకీ దొరకని తప్పు చెయ్యాలన్నది వాళ్లలో వాళ్లకి పోటీ. అలాంటి తప్పు చెయ్యాలంటే గుణకారం ఎంత బాగా రావాలో!

గళ్లలో దాక్కున్న అంకెలు

4□ × □7 = 1242. ఇది ఖాళీలు నింపే పజిల్. ఒకట్లు చూడు, దేన్ని 7తో గుణిస్తే చివర 2 వస్తుంది? 6 ఒక్కటే. కాబట్టి 46. ఇక 46×□7 సరిగ్గా 1242 రావాలి, 46×20 అంటే 920, 46×30 అంటే 1380, కాబట్టి 46×27. గుణించి చూసుకుంటే సరిపోయింది.

వీటిని తయారు చెయ్యడంలో ఒక కిటుకు ఉంది. కనిపించే ఒకట్ల అంకె 1, 3, 7, 9లలో ఏదైనా అయితే దాక్కున్న ఒకట్ల అంకె ఒక్కటే కుదురుతుంది, ఎందుకంటే ఆ ఎక్కాల్లో చివరి అంకెలు ఏవీ రిపీట్ కావు. కనిపించేది సున్నా కాని సరిసంఖ్య అయితే రెండు దారులు తెరుచుకుంటాయి. ఉదాహరణకి 3□ × □4 = 912. చివర 2 రావాలంటే 3 కావచ్చు, 8 కావచ్చు. 33 పెట్టి చూస్తే 33×24=792, 33×34=1122, కుదరదు. 38 పెడితే 38×24=912. అందుకని 1, 3, 7, 9 ఉన్నవి ఆకుపచ్చ కార్డులు, సరిసంఖ్యలున్నవి ఎర్ర కార్డులు. 5 ఉన్నవి ప్రస్తుతానికి పక్కన పెట్టేశా, మరీ ఎక్కువ దారులు.

నేపియర్ పట్టీలు

ఎక్కాలు ఇంకా గట్టిగా రాని పిల్లలకి పట్టిక చూసుకోవడం కంటే హుందాగా ఉండే సాధనం ఏదైనా ఇవ్వాలనిపించింది. లాగరిథమ్స్ కనిపెట్టిన స్కాట్లాండ్ ఆయన జాన్ నేపియర్ 1617లో ఈ పట్టీల సంగతి బయటపెట్టాడు. అట్టముక్కని పొడుగ్గా పట్టీల్లా కోసి, తలపైన ఒక అంకె, కింద దాని ఎక్కం తొమ్మిది గడుల్లో, ఒక్కో గడిలో అడ్డంగా ఒక ఏటవాలు గీత, పైన పదులు, కింద ఒకట్లు. పిల్లలే రాశారు, అంటే ఎక్కాలన్నీ ఒకసారి రాసినట్టే, కాకపోతే ఈసారి రాసింది ఒక పనిముట్టు.

467×8 కావాలంటే 4, 6, 7 పట్టీలు పక్కపక్కన పెట్టి ఎనిమిదో వరస చూడాలి. 3/2, 4/8, 5/6 అని కనిపిస్తాయి. కుడి నుంచి ఏటవాలుగా కూడితే 6, తర్వాత 8+5=13కి 3 వేసి 1 పక్కకి, 2+4+1=7, చివర 3. జవాబు 3736. సున్నా పట్టీ కూడా చెయ్యాలి, అది లేకపోతే 304 దగ్గర ఆగిపోతారు. ఒకే అంకె రెండుసార్లు వచ్చే సంఖ్యల కోసం ఒక్కో పట్టీకి రెండు కాపీలుండాలి. అట్ట మందంగా ఉంటేనే పట్టీలు కదలకుండా నిలుస్తాయి, పల్చటి చార్ట్ పేపర్ ఊరికే జారిపోతోంది.

ఇంటికి పట్టుకెళ్లే లెక్క

నీ వయసుని 259తో గుణించు, వచ్చినదాన్ని 39తో గుణించు. తొమ్మిదేళ్ల పిల్లకి 9×259=2331, 2331×39=90909. ఇంట్లో అరవై ఏడేళ్ల తాతయ్య ఉంటే 67×259=17353, దాన్ని 39తో గుణిస్తే 676767. మధ్యలో ఎక్కడ తప్పినా ఈ డిజైన్ రాదు, కాబట్టి జవాబు కరెక్టా కాదా అని టీచర్ని అడగక్కర్లేదు, లెక్కే చెప్పేస్తుంది. ఇంట్లో అందరి వయసులూ చేసుకొచ్చారు. ఎందుకలా వస్తుంది అని ఒకరిద్దరు అడిగారు, 259×39 ఎంతో చేసి చూడమన్నా. 10101 చూడగానే ఒకడి మొహం వెలిగిపోయింది.

మూడంకెలకి ఇదే పద్ధతిలో 7, 11, 13 వరసగా. 358×7=2506, 2506×11=27566, 27566×13=358358. ఆ మూడిటినీ గుణిస్తే 1001.

ఇప్పుడు ఎక్కడున్నానంటే

పాచికలాట, దొంగ కార్డులు, పట్టీలు స్థిరపడ్డాయి, ఇంక వాటిని కదపను. అంకెలు తిరగేసినా జవాబు మారని జతల కార్డు (12×42, 21×24 రెండూ 504) ఇంకా సగంలో ఉంది, పదుల లబ్ధం, ఒకట్ల లబ్ధం సమానమైతేనే అలా వస్తుందన్న సంగతి పిల్లలు తమంతట తాము పట్టుకునేలా ఎలా పెట్టాలో ఆలోచిస్తున్నా.

ఈలోగా కొత్త పని వచ్చిపడింది. 1, 2, 3, 4తో అన్నిటికంటే పెద్ద లబ్ధం ఏది అని ఇస్తే 43×21తో మొదలుపెట్టి (903 మాత్రమే), 42×31=1302 దాకా వచ్చి, చివరికి 41×32=1312 పట్టుకున్నారు. రెండిటిలోనూ సంఖ్యల మొత్తం 73, తేడా తక్కువున్న జతే గెలిచింది. దాంతో ఆగకుండా 5 కూడా కలిపి మూడంకెలు గుణించు రెండంకెలు చెయ్యమని వాళ్లే అడిగారు. 521×43 చేసి 22403 తెచ్చి ఇదే పెద్దదని ఒక గ్రూపు గట్టిగా నిలబడింది, ఇంకో గ్రూపు 431×52 చేసి 22412 తెచ్చింది, తొమ్మిదే తేడా. రెండు గ్రూపులూ అవతలివాళ్ల లెక్కని మళ్లీ మొదట్నుంచి చేసి చూశారు. ఐదు పాచికల ఆటకి గడుల షీట్లు ఈ వారం ప్రింట్ చెయ్యాలి, టార్గెట్లు ఎంతెంత పెట్టాలో అన్ని జతలూ వేసి చూసుకున్నాక తేలుస్తా.